జానెడు గొట్టం

కార్బురేటరు మేస్త్రికి కడుపుమంట ఒక కుక్కరు దగ్గర మొదలైంది.

ఆ కుక్కరు అతని మరదలిది. పిడి ఊడి, రబ్బరు పోయి అటక మీద పడున్నదాన్ని ఆవిడ మొగుడు కిందికి దించాడు. అతను వెల్డరు. గేట్లు, కిటికీ ఊచలు, మేడమెట్ల కమ్మీలు అతికే మనిషి. కుక్కరు పక్కన గుండ్రంగా కంత కోసి, దానికి మణికట్టంత గొట్టం అతికి, తీసుకెళ్ళి మామగారి పాత లారీ ఇంజను మీద, సరిగ్గా గాలినీ పెట్రోలునీ కలిపే కార్బురేటరు నెత్తిన బోర్లించాడు.

"చూడు మావయ్యా, టోపీ పెట్టుకున్న పోలీసులా లేదూ?" అన్నాడు.

మామగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఒరేయ్ చిన్నల్లుడూ, నీది బుర్ర కాదురా, కార్ఖానా!" అన్నాడు.

పక్కనే నిలబడ్డ మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వింది పళ్ళు మాత్రమే.

అతనికి పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఈ పద్నాలుగేళ్ళలో మామగారు అతన్ని ఒక్కసారైనా ఒరేయ్ అనలేదు. పెద్దల్లుడు గారూ అంటాడు, రండి అంటాడు, కుర్చీ తుడిచి మరీ వేస్తాడు. మర్యాదకేం లోటు లేదు. వచ్చి మూడేళ్ళు కూడా నిండని వెల్డరుని మాత్రం ఒరేయ్ అని పిలిచి, నెత్తిన ఒకటి మొట్టి, తన కంచంలోది తీసి వాడి కంచంలో పడేస్తాడు. ఆ మర్యాదంతా తిరిగిచ్చేసి ఆ మొట్టికాయ ఒక్కటి పుచ్చుకోవాలని మేస్త్రికి ఎంత ఆశో, చెబితే నవ్విపోతారని ఎవరితోనూ అనలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సరిపెట్టుకుందామన్నా, తను కొత్తగా ఉన్న రోజుల్లో కూడా అలాంటి వింతేదీ జరిగినట్టు గుర్తు లేదు.

అసలు గొడవ లారీది. పొడుగు ముక్కు, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, తలుపు వేస్తే ఇల్లంతా అదిరే చప్పుడు. మామగారు ముప్పై ఏళ్ళు దాన్నే నడిపి ఇద్దరు కూతుళ్ళనూ పెంచాడు. కిందటేడు అది ఇటుకల బరువుతో గుట్ట రోడ్డు సగంలో చతికిలబడింది. అప్పుడు ఆయన ఇంజను చూపించింది మేస్త్రికే. మేస్త్రి నాడి పట్టిన వైద్యుడిలా పెదవి విరిచాడు. "దీని పని అయిపోయింది మావయ్యా. చదును మీద తిరుగుతుంది గానీ బరువుతో గుట్ట ఎక్కదు. పాతినుముకి ఇచ్చెయ్యండి" అన్నాడు. మామగారు ఆ తర్వాత నెల రోజులు లారీ పెట్టే షెడ్డు తలుపు తియ్యలేదు.

ఇప్పుడు గుట్ట మీద ఆసుపత్రి కడుతున్నారు. ఇటుకల బట్టీ కింద ఉంది, కట్టడం పైన ఉంది. "నిండు బరువుతో ఒక్కసారి ఎక్కించి చూపించు పెద్దాయనా, పనంతా నీకే" అన్నాడు కాంట్రాక్టరు, ఫలానా రోజని కూడా చెప్పాడు. ఎక్కితే ముసలాయనకు మళ్ళీ చేతినిండా పని. ఎక్కకపోతే లారీ నిజంగానే పాతినుము. ఆయన ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పినప్పుడు మేస్త్రి తలొంచుకుని తింటున్నాడు. వెల్డరేమో చెయ్యి కడుక్కోకుండానే లేచి, "ఎందుకెక్కదు మావయ్యా? దానికి ఊపిరి చాలట్లేదు, అంతే. టర్బో పెడదాం" అన్నాడు.

టర్బో అంటే పెద్ద మాయేమీ కాదు. ఇంజను వదిలేసే పొగ ఊరికే గాల్లో కలిసిపోకుండా ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసనున్న రెండో చక్రం బయటి గాలిని పీల్చి ఇంజనులోకి కూరుతుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బండి ఎక్కువ లాగుతుంది. కొత్తది కొనాలంటే లారీని అమ్ముకోవాలి. అందుకని వెల్డరు పాతినుము దుకాణంలో బోల్తాపడ్డ బస్సు ఇంజనుకున్న టర్బోని ఊడబెరికి తెచ్చాడు. పొగ గొట్టం వాడిపారేసిన నీటి పైపులతో వంచాడు. నూనె పోవడానికి ఎక్కడిదో బ్రేకు గొట్టం. కార్బురేటరు మీద టర్బో గాలి చెదిరిపోకుండా పట్టడానికి కుక్కరు. ఆ అతుకులు చూసి మేస్త్రి వంక పెడదామని వంగాడు. కుట్టుమిషను మీద కుట్టినంత సమంగా ఉన్నాయి. వంగినవాడు వంగినట్టే లేచాడు.

"కార్బురేటరు మాత్రం నేను ముట్టుకోను మావయ్యా. అది అన్నయ్య చేతి పని. ఈ చుట్టుపక్కల అన్నయ్యని మించినవాడు లేడు" అన్నాడు వెల్డరు, మేస్త్రి ముందే. ఆ మాట అన్నవాడి మొహంలో ఎగతాళి ఎక్కడైనా దొరుకుతుందేమోనని మేస్త్రి వెతికాడు. దొరకలేదు. దొరికుంటే ప్రాణం కాస్త కుదుటపడేది.

కార్బురేటరూ, దాంతోపాటు పెట్రోలు పంపూ పాతగుడ్డలో మూటగా మేస్త్రి కొట్టుకి చేరాయి. కొట్టంటే ఒక్క గది. మేకులకి వేలాడే గాస్కెట్లు, మందుల డబ్బాల్లో సైజుల వారీగా పెట్రోలు చిమ్మే జెట్లు, పెట్రోలు వాసన పట్టిన చెక్కబల్ల. కొత్త బండ్లకు కార్బురేటర్లు ఉండవు కనక ఈ మధ్య గిరాకీ పలచబడింది. రోజుకొకరో ఇద్దరో వస్తారు, వాళ్ళూ ముసలి బండ్ల ముసలి యజమానులే. అయినా పని ముందుకొస్తే మేస్త్రి చేతులకు వేరే ధ్యాస ఉండదు. జెట్లు ఒక సైజు పెంచాడు. గాలి ఒత్తిడికి నొక్కుకుపోతుందని, పెట్రోలు నిలిచే తొట్టిలో తేలే బోలు బుడ్డిని తీసేసి గట్టిది వేశాడు. ఇరుసుల సందుల్లోంచి గాలి కారకుండా బిగించాడు. ఓర్వలేనితనం ఎంతున్నా పనిలో చిల్లిగవ్వంత దొంగతనం చెయ్యలేదు.

పంపు విప్పినప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది.

పంపు పెట్రోలును మెల్లగా తోస్తుంది, దాని బలం అంతంత మాత్రం. టర్బో గాలి కార్బురేటరు తొట్టిలో కూడా నిండి పంపుకి ఎదురు నెడుతుంది. గాలి బలం పంపు బలాన్ని మించిందా, పెట్రోలు లోపలికి పోవడం ఆగిపోతుంది. తొట్టిలో ఉన్న టీ గ్లాసుడు పెట్రోలు అయిపోయేదాకా ఏమీ తెలియదు. అయిపోయాక ఇంజను చాలినంత పెట్రోలు లేకుండా ఉత్త గాలి ఎక్కువై మండి, పిస్టన్లు కరిగి బెజ్జాలు పడతాయి. దీనికి మందు చాలా చిన్నది. కుక్కరులోని గాలినే ఒక జానెడు గొట్టంతో పంపు అడుగుకి కలిపితే చాలు, ఆ గాలి పంపు లోపలి రబ్బరు పొరను వెనకనుంచి తోసి లెక్క సరిచేస్తుంది. గోటితో పోయేది, వదిలేస్తే గొడ్డలి కూడా చాలదు.

మేస్త్రి చేతులు ఆలోచించకుండానే పంపు అడుగునున్న రంధ్రానికి చిన్న ఇత్తడి ముక్కు పెట్టి అతికేశాయి. గొట్టం తగిలించడమే మిగిలింది. అప్పుడు ఆలోచన మొదలైంది.

ఇప్పుడే చెబితే ఏమవుతుంది? వెల్డరు గొట్టం తగిలిస్తాడు, బండి గుట్ట ఎక్కుతుంది, పేరు వాడికి పోతుంది. అదే చెప్పకుండా ఊరుకుంటే, చదును రోడ్డు మీద పరీక్షల్లోనే ఎక్కడో బండి దగ్గుతుంది. అందరూ తలలు పట్టుకుంటారు. కుక్కరు మేధావి దిక్కులు చూస్తాడు. అప్పుడు తను నింపాదిగా వెళ్ళి, జేబులోంచి జానెడు గొట్టం తీసి తగిలిస్తాడు. మామగారు ముక్కు మీద వేలేసుకుంటాడు. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఇంజనుకి ఒక దగ్గు తప్ప. మేస్త్రి ఆ ఇత్తడి ముక్కుకి దుమ్ము పడకుండా రబ్బరు మూత పెట్టి, గాలి ఆడటానికి దానికో సూది బెజ్జం చేసి, పంపుని మూటలో కట్టేశాడు.

తీరా బండి దగ్గలేదు.

మొదటి పరీక్షలో లారీ ఖాళీగా బజారు దాటి వెళ్ళింది. టర్బో ఈలకి జనం కొట్లలోంచి బయటికొచ్చి చూశారు. రెండోసారి సగం బరువుతో వంతెన ఎత్తు ఎక్కింది. వంతెన ఎత్తెంత, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. తొట్టిలో పెట్రోలు దానికి సరిపోయింది. మేస్త్రి రోడ్డు పక్కన నిలబడి చెవులు రిక్కించి విన్నాడు. ఇంజను హాయిగా పాడుకుంటూ వెళ్ళింది. ఇలాంటి సమయంలో ఎవరైనా సంతోషిస్తారు. మన మేస్త్రి మాత్రం దగ్గు కోసం ఇంకా కాసేపు అక్కడే చెవి ఒగ్గి నిలబడ్డాడు.

ఆ తర్వాత ప్రతి రోజూ చెప్పడం నిన్నటికంటే కష్టమైంది. నిన్న చెప్పి ఉంటే మరిచిపోయాననొచ్చు. ఇవాళ చెబితే నిన్నెందుకు చెప్పలేదంటారు. వెల్డరు పేరు మాత్రం వీధులు దాటింది. మేస్త్రి కొట్టు ముందు ఎవరో బండి ఆపితే గిరాకీ అనుకుని లేచాడు. "కుక్కరు టర్బో చేసిన వెల్డరుగారి షాపు ఎటండీ?" అని అడిగారు. మేస్త్రి మర్యాదగానే దారి చూపించాడు, కాస్త చుట్టుదారి.

"మొహం అలా పెట్టుకుని తిరిగితే పాలు విరిగిపోతాయి" అంది ఇంట్లో భార్య. "ఒకళ్ళు బాగుపడితే మనకేం తగ్గిందని?"

"మీ చెల్లెలి మొగుడి మీద నాకేం ఏడుపు లేదు."

"నేనెవరి పేరూ ఎత్తలేదే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు మీరే తడుముకున్నారు" అంది ఆవిడ. నవ్వింది కూడా. తర్వాత నవ్వు ఆపి, "ఏమైందండీ? నిజంగా అడుగుతున్నా" అంది. మేస్త్రి చొక్కా తగిలించుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు.

గుట్ట ఎక్కించే రోజుకి ముందురోజు మధ్యాహ్నం, చెప్పేద్దామనే గట్టి నిర్ణయంతో జానెడు గొట్టం జేబులో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. గుమ్మం దాకా వెళ్ళాక లోపల మాటలు వినబడ్డాయి. బట్టీ యజమాని వచ్చి ఇంజను చుట్టూ తిరుగుతున్నాడు. మామగారు లారీ ముక్కు మీద చెయ్యేసి, "మా పెద్దల్లుడు గారు దీన్ని చచ్చిందన్నారు. చిన్నోడు లేపి కూర్చోబెట్టాడు. నాకు కొడుకుల్లేరన్న లోటు తీరిపోయిందండీ" అంటున్నాడు. అందులో తిట్టేమీ లేదు. ఆయన సంతోషంలో అన్న మాట అది. కానీ మేస్త్రికి మాత్రం పద్నాలుగేళ్ళుగా ఆ లోటు తీరకుండా ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది, అది తన వల్ల తీరలేదన్న సంగతీ అప్పుడే తెలిసింది. వెనక్కి తిరిగి, దారిలో ఆ గొట్టం ముక్కని కాలవలోకి విసిరేశాడు.

మర్నాడు పొద్దున్న లారీలో ఇటుకలు అంచుల దాకా పేర్చారు. చక్రాల మీది కమానులు వంగిపోయాయి. స్టీరింగు ముందు మామగారు, ఉతికిన చొక్కా వేసుకుని. నడుమ వెల్డరు, టైర్ల గాలి చూసే గడియారంలాంటిదొకటి కుక్కరు నుంచి సన్నటి రబ్బరు గొట్టంతో కేబినులోకి లాక్కొచ్చి కాళ్ళ దగ్గర పరీక్షలప్పుడే బిగించాడు, అందులో ముల్లు చూడటం అతని పని. మేస్త్రి పక్కకి తప్పుకోబోయాడు.

"మీరూ ఎక్కండి పెద్దల్లుడు గారూ, మీరు లేకుండా ఎలా?" అన్నాడు మామగారు.

"రా అన్నయ్యా. నువ్వు పక్కనుంటే నాకు భయముండదు" అన్నాడు వెల్డరు, జరిగి చోటిస్తూ. మేస్త్రి ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. తలుపు మూడోసారికి పడింది.

వెనక కాంట్రాక్టరు జీపు. అందులో అక్కచెల్లెళ్ళిద్దరూ కూడా కూర్చున్నారు, చూడాలని. పక్క అద్దంలో భార్య కనబడుతోంది. చెల్లెలేదో అంటే తలూపుతోంది.

చదును దాటి గుట్ట మొదలైంది. మామగారు రెండో గేరులోకి వేసి కాలు నొక్కాడు. టర్బో ఈల సన్నగా మొదలై లావెక్కింది. కిందటేడు చతికిలబడ్డ చోటు రాగానే ఆయన ఊపిరి బిగబట్టాడు. లారీ ఆ చోటుని అలా దాటేసి ముందుకి పోయింది. "దాటిందిరా!" అని అరిచాడు. ఆ గొంతు ఇరవయ్యేళ్ళ కుర్రాడిది.

"మూడు... మూడున్నర... నాలుగు మావయ్యా!" అని చదువుతున్నాడు వెల్డరు. "అన్నయ్యా, చూడు, నాలుగు దాటింది!"

గాలి ఒత్తిడి నాలుగు దాటితే పంపు ఓడిపోతుంది. ఆ లెక్క కేబినులో ఒక్కరికే తెలుసు. పరీక్షల్లో ముల్లు నాలుగుని ముట్టుకుని వచ్చేసిందని వెల్డరే చెప్పాడు. ఇప్పుడది నాలుగు దాటి అక్కడే కూర్చుంది, ముందు ఇంకా కొసదాకా ఎత్తే. తొట్టిలో టీ గ్లాసుడు పెట్రోలు. మహా అయితే ఇరవై అంకెలు. మేస్త్రి లోపల్లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఒకటి, రెండు, మూడు. దగ్గుతుంది, ఆగుతుంది, పిస్టను పోతుంది. పోనీ. నాలుగు, అయిదు. చచ్చిందని తను చెప్పినప్పుడే విని ఉంటే అయిపోయేది. ఆరు, ఏడు. తన మాటే నిజమవుతుంది. ఎనిమిది. ఎత్తులో ఇంజను ఆగిపోతే బ్రేకుకి ఇంజను సాయం ఉండదు, ఇంత బరువుని ముసలాయన కాలొక్కటే ఆపాలి. ఈ ముక్క ఇన్నాళ్ళూ అతనికి తట్టలేదు. ఆలోచించిందంతా ఇంజను గురించే, మెప్పు గురించే. తొమ్మిది. అద్దంలో చూశాడు. జీపు బారెడు దూరంలో ఆనుకుని వస్తోంది. భార్య కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూస్తోంది. పది. పదకొండు.

"కాలు తియ్యండి మావయ్యా!" అని అరిచాడు. "తియ్యండి! కాలు తియ్యండి!"

ఆ అరుపుకి మామగారి కాలు దానంతటదే లేచింది. ఈల తెగిపోయింది. అప్పుడు, కాలు తీశాక, ఇంజను రెండుసార్లు టప్ టప్ మని దగ్గి ఒళ్ళంతా విదిలించుకుంది. మామగారు బండిని మలుపులో వెడల్పుగా ఉన్న చోటికి ఈడ్చి, చేతి బ్రేకు లాగాడు. వెల్డరు దూకి చక్రాల వెనక బండరాళ్ళు పెట్టాడు. ఇంజను మెల్లగా, క్షేమంగా తిరుగుతూనే ఉంది.

"ఏమైంది? బాగానే లాగుతోంది కదా! ఎందుకు తియ్యమన్నారు?" అన్నాడు మామగారు.

"నాకే చప్పుడూ వినబడలేదే" అన్నాడు వెల్డరు. "దగ్గింది తర్వాత కదా అన్నయ్యా. నువ్వు ముందే అరిచావు."

"పెట్రోలు అందట్లేదు" అని మాత్రం అన్నాడు మేస్త్రి, తేలు కుట్టిన దొంగలా ఇంకేమీ కక్కలేక. కిందికి దిగి ఇంజను మూత ఎత్తాడు. కుక్కరు వైపు కొసని అలాగే ఉంచి, కేబినులో గడియారానికున్న సన్నటి గొట్టాన్ని ఊడలాగి, బయటికి తీసి, ఇంజను పక్కగా పంపు దగ్గరికి తెచ్చాడు. పంపు అడుగున వేలితో తడిమి రబ్బరు మూత పీకేసి, ఇత్తడి ముక్కుకి గొట్టం తొడిగి, తీగతో రెండు చుట్లు చుట్టాడు. నాలుగు నిమిషాలు పట్టలేదు. వెతుక్కోలేదు, కొలుచుకోలేదు, ఆలోచించలేదు. తల ఎత్తేసరికి వెల్డరు పక్కనే వంగి ఉన్నాడు. గొట్టాన్ని చూడట్లేదు. ఇత్తడి ముక్కు చుట్టూ ఉన్న అతుకుని చూస్తున్నాడు.

అతుకు చూసి దాని వయసు చెప్పగలిగినవాడికి అబద్ధం చెప్పడం కష్టం. ఆ అతుకు మీద పది రోజుల దుమ్మూ నూనే పట్టి ఉన్నాయి.

"ఇది ఎప్పుడు పెట్టావన్నయ్యా?" గొంతు తగ్గించి అడిగాడు.

"చెబుదామనుకున్నాను" అన్నాడు మేస్త్రి. అది అబద్ధం కాదు. అబద్ధమైనా బాగుండేది.

వెల్డరు కాసేపు అతని మొహంలోకి చూశాడు. అర్థం కాక చూసిన చూపు కాదది, అర్థమైపోయాక ఇంకోలా అర్థం చేసుకోవడానికి దారేమైనా ఉందా అని వెతికిన చూపు. తర్వాత ఇంజను మూత దించి, వెళ్ళి చక్రాల వెనక రాళ్ళు తీశాడు.

లారీ గుట్ట ఎక్కింది. ముల్లు చూడటానికి ఇప్పుడు గడియారానికి గొట్టం లేదు, చూడాల్సిన పనీ లేకపోయింది. ఈల కొసదాకా తెగలేదు. పైన ఆసుపత్రి గోడల మధ్య బండి ఆపి మామగారు స్టీరింగు మీద నుదురు ఆనించాడు. కిందికి దిగాక సరాసరి మేస్త్రి దగ్గరికొచ్చి కావలించుకున్నాడు. ఇటుకల దుమ్ములో, కాంట్రాక్టరు ముందు, కూలీల ముందు, ఇద్దరు కూతుళ్ళ ముందు.

"మా పెద్దల్లుడి చెవి చూశారా అయ్యా! ఇంజను ఇంకా దగ్గనైనా లేదు, ఈయనకి ముందే తెలిసిపోయింది! ఈయన లేకపోతే ఇవాళ నా లారీ పోయేది, మేమూ పోయేవాళ్ళం!" అని ఒకటికి పదిసార్లు చెప్పాడు. కాంట్రాక్టరు వచ్చి చెయ్యి కలిపాడు. "అంతేనా బావా, ఇన్నాళ్ళూ మా దగ్గర దాచారు మీ విద్య!" అంది మరదలు. అందరూ నవ్వారు. భార్య ఒక్కతే నవ్వకుండా అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

మేస్త్రి పది రోజుల కింద చెక్కబల్ల దగ్గర కూర్చుని ఏం కోరుకున్నాడో అది అక్షరం పొల్లుపోకుండా జరిగింది. జనం గుమిగూడారు, బండి దగ్గింది, తను గొట్టం తగిలించాడు, మామగారు ముక్కు మీద వేలేసుకున్నాడు. అతను నోరు తెరిచాడు. మావయ్యా, చెవి కాదు, అని చెబుదామనే తెరిచాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు చూసి మూసేశాడు.

"చెప్పరా చిన్నల్లుడూ, నీకేమైనా వినబడిందా?" అన్నాడు మామగారు.

"లేదు మావయ్యా" అన్నాడు వెల్డరు. "అన్నయ్యకే తెలిసింది."

కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. నలుగురి ముందు అంత మెత్తగా కాపాడేసినవాణ్ణి చూస్తే మేస్త్రికి ఒళ్ళు మండింది. అతుకులు చూసి ఓర్వలేకపోయాడు, పేరు చూసి ఓర్వలేకపోయాడు. ఆ మంచితనం కూడా తనకి లేదే అని ఇప్పుడు దాన్ని చూసి కూడా ఓర్వలేకపోతున్నాడు. ఈ జబ్బుకి అంతెక్కడో అతనికే తెలియలేదు.

కూలీలు ఇటుకలు దించుతున్నారు. మామగారు కాంట్రాక్టరుతో రేపటి నుంచి రోజుకెన్నిసార్లు ఎక్కించాలో మాట్లాడుతున్నాడు. వెల్డరు లారీ అవతలి పక్కకి వచ్చి, మేస్త్రికి ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఒక్కటి అడుగుతాను. ఎందుకు చెప్పలేదని అడగను. మావయ్యకీ చెప్పను. కానీ రేపటి నుంచి ఆయన ఒక్కడే నడుపుతాడు. నీకు తెలిసినది ఇంకేమైనా ఉంటే, ఇప్పుడే చెప్పు."

"ఏమీ లేదు" అన్నాడు మేస్త్రి. "ఒట్టు. ఇంకేమీ లేదు."

అది నిజం. ఈ పది రోజుల్లో అతను చెప్పిన మాటల్లో అంతకంటే నిజమైనది లేదు.

"సరే" అన్నాడు వెల్డరు, తలూపాడు. పనిముట్ల సంచి తెచ్చుకుని, చొక్కా విప్పి అద్దానికి తగిలించి, నేల మీద పడుకుని లారీ కిందికి పాకాడు. మొదటి బోల్టు దగ్గర్నుంచి ఒక్కొక్కటీ తనే తడిమి చూసుకోవడం మొదలుపెట్టాడు.